ఈము కూర ఎవరింట్లో వండారు?

ఈసారి పోస్టు కాస్త పొడవు. పొలం పని అయ్యాక తీరిగ్గా చదవండి.

నాలుగు రోజుల క్రితం మా బాబాయి కొడుకు ఇంటికొచ్చాడు. చేతిలో రంగురంగుల కాగితం. ఏదో కొత్త కంపెనీ అంట. మనం లక్ష కడితే మొక్కలు వాళ్లే ఇస్తారంట, పంట వాళ్లే కొంటారంట, ఈలోగా నెలనెలా ఖాతాలో డబ్బు పడుతుందంట. "అన్నా, నువ్వు చేరితే నిన్ను చూసి ఇంకో పదిమంది చేరతారు" అన్నాడు. నేను వాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. వాళ్ల దొడ్లో ఈము కోళ్ల కోసం వేసిన ఇనప వల ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు దాని మీద బీర తీగ పాకుతోంది.

చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. ఈము అంటే ఆస్ట్రేలియా పక్షి. మనిషంత ఎత్తు ఉంటుంది, ఎగరలేదు. గుడ్డు ముదురు ఆకుపచ్చ రంగు. దాని నూనె మందులకు, తోలు సంచులకు, మాంసం పెద్ద హోటళ్లకు అని చెప్పి పది పదిహేనేళ్ల క్రితం మన జిల్లాల్లో కూడా పిల్లల్ని అమ్మారు. మా బాబాయి కూడా అప్పు చేసి పెట్టాడు. గుడ్లు మేమే కొంటాం అన్నవాళ్లు మొదట్లో వచ్చారు, తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. మేత ఖర్చు మాత్రం ఆగలేదు. చివరికి ఒక తెల్లవారుజామున గేటు తీసి వదిలేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. కేసు పెట్టలేదు. పరువు పోతుందని.

ఈ వ్యవహారాల్లో బాగా పేరు మోసింది తమిళనాడులోని సుసి ఈము ఫార్మ్స్. ఈరోడ్ జిల్లా పెరుందురైలో ఉండేది. సినిమా వాళ్లతో టీవీలో ప్రకటనలు ఇచ్చారు. వాళ్ల లెక్క ఇలా ఉండేది. మీరు లక్షన్నర కట్టాలి. ఆరు ఈము పిల్లలు, మేత వాళ్లిస్తారు, షెడ్డు కూడా వాళ్లే వేస్తారు. పెంచినందుకు నెలకు 6,000. ఏడాదికి 20,000 బోనస్. రెండేళ్లయ్యాక మీ లక్షన్నర మీకు వాపస్.

మన ఊరి వడ్డీ లెక్కలోకి మార్చి చూడండి. రెండేళ్లకు 1,44,000 జీతం, 40,000 బోనస్, వెరసి 1,84,000. కట్టింది లక్షన్నర. అంటే నూటికి నెలకు అయిదు రూపాయలు దాటింది. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తేనే మనకు నిద్ర పట్టదు. మరి మనకు అయిదు రూపాయలు ఇచ్చేవాడికి అది ఎక్కడి నుంచి రావాలి?

ఇంకో మాట ఉంది. పక్షుల్ని పెంచే ఓపిక లేనివాళ్లకు వీఐపీ పథకం అని వేరేది పెట్టారు. లక్షన్నర కట్టి ఇంట్లో కూర్చుంటే చాలు, పక్షుల్ని కంపెనీయే పెంచుతుంది. దానికి నెలకు 7,000. రోజూ మేతేసి, పెంట ఎత్తి, కుక్కలు పడకుండా కాపలా కాసేవాడికి 6,000, ఏమీ చేయనివాడికి 7,000! పొలంలో ఒళ్లు వంచిన ఏ రైతుకైనా అక్కడే అనుమానం రావాలి. పని చేసినవాడికంటే చేయనివాడికి ఎక్కువిచ్చే చోట పనికి విలువ లేదు, పక్షికీ విలువ లేదు. వాళ్లకు కావలసింది మన లక్షన్నర ఒక్కటే.

"అయినా మొదట్లో సరిగ్గానే ఇచ్చారు కదా" అంటారు. ఇచ్చారు. ఎలా ఇవ్వగలిగారో కూడా చూడండి. కొత్తగా ఒకడు చేరితే లక్షన్నర వస్తుంది. దాన్ని 6,000 చొప్పున పంచితే పాతవాళ్లు 25 మందికి ఒక నెల జీతం. వందమంది ఉంటే నెలకు నలుగురు కొత్తవాళ్లు దొరికితే చాలు, అందరి ఖాతాల్లో డబ్బు పడుతుంది. నలుగురిని తెచ్చేది ఎవరు? ఆ వందమందే. బావమరిదిని ఒకరు, వియ్యంకుణ్ణి ఒకరు. కానీ రెండేళ్లు నిండాక ఒక్కో పాతవాడికి లక్షన్నర తిరిగివ్వాలి. అప్పుడు ఒక్కో పాతవాడి కోసం ఒక్కో కొత్తవాడు పూర్తిగా కావాలి. అక్కడితో బండి ఆగిపోతుంది. అందుకే చెబుతున్నా, ఏడాదో ఏడాదిన్నరో డబ్బు టంచనుగా పడటం నిజాయితీకి రుజువు కాదు. ఆ పద్ధతి నడిచేదే అలా.

2012 ఆగస్టులో సుసి కూలిపోయింది. యజమానిని అరెస్టు చేశారు. ఆ తర్వాత కోయంబత్తూరు ప్రత్యేక కోర్టు పదేళ్ల జైలు శిక్ష వేసింది. కానీ ఆ ఆగస్టులో షెడ్లలో ఉన్న పక్షుల సంగతి? మేతేసే నాథుడు లేక ఆకలికి చచ్చాయి. ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ వాళ్లు వచ్చి మేత వేయాల్సి వచ్చింది. నిజంగా ఆ పక్షికి ధర ఉంటే, మాంసానికి, నూనెకు గిరాకీ ఉంటే, కొనడానికి లారీలు వరస కట్టేవి కదా. అలా జరగలేదు.

ఇది మన తరంలో పుట్టిన మోసం కాదు. 1920లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పోంజీ అనే ఆయన 45 రోజుల్లో నూటికి యాభై లాభం ఇస్తానన్నాడు. ఇతర దేశాల్లో తపాలా కూపన్లు చవగ్గా కొని అమెరికాలో మార్చుకుంటే లాభం అని చెప్పాడు. జనం బారులు తీరారు. అప్పుడు లెక్క తెలిసిన ఒకాయన కూర్చుని చూశాడు. పోంజీ తీసుకున్న డబ్బుకు దాదాపు 16 కోట్ల కూపన్లు ఉండాలి. చలామణీలో ఉన్నవి సుమారు 27,000. అంతే, ఆ ఆగస్టులోనే పోంజీ జైలుకెళ్లాడు. ఇప్పటికీ ఇలాంటి మోసాలను ఆయన పేరుతోనే పిలుస్తారు. అక్కడ మొదట్లో కూపన్లు లెక్కపెట్టినవాడు లేడు, ఇక్కడ ఈము కూర తిన్నవాడు లేడు.

మన రాష్ట్రాల్లో అగ్రిగోల్డ్ సంగతి చెప్పక్కర్లేదు. 1995లో మొదలైంది, విజయవాడ కేంద్రం. 32 లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్లకు పైగా డిపాజిట్లు. భూములు చూపించి, స్థలం ఇస్తాం లేదా డబ్బు ఇస్తాం అన్నారు. రోజుకూలీలు, చిన్న రైతులు, ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లు వంద, రెండొందలు చొప్పున కట్టారు. వసూలు చేసిన ఏజెంట్లు ఎక్కడివాళ్లో కాదు, మన వీధివాళ్లే. కంపెనీ చేతులెత్తేశాక జనం వాళ్ల ఇళ్ల మీదకు వెళ్లారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2019లో పదివేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానా నుంచి ఇచ్చింది. అంటే మోసపోయినవాడికి తిరిగొచ్చింది కూడా మనందరి పన్ను డబ్బే.

ఇలాంటిది బయటపడినప్పుడల్లా పట్నంలో కూర్చున్నవాళ్లు ఒకటే మాట అంటారు: "అత్యాశకు పోయారు, అనుభవించారు." ఈ మాట నేను ఒప్పుకోను. మా బాబాయికి కారు మీద ఆశ లేదు, బంగళా మీద ఆశ లేదు. మిరప వేస్తే ధర ఎంతొస్తుందో తెలియదు, వరి కోతకొచ్చాక తుఫాను వస్తుందో రాదో తెలియదు. పుట్టాక ఒక్కసారైనా ఒకటో తారీఖున ఇంత వస్తుంది అని తెలిసి బతకాలనుకున్నాడు. ఉద్యోగికి ఉన్నది తనకూ ఉండాలనుకున్నాడు. వాళ్లు అమ్మింది పక్షిని కాదు, నెల జీతాన్ని. రైతుకు మద్దతు ధర నికరంగా దక్కినంతకాలం దక్కకపోతే, ఇలాంటి కంపెనీలకు మన ఊళ్లలో గిరాకీ ఉంటూనే ఉంటుంది. దురాశ ఉన్నది లక్షన్నర తీసుకున్నవాడిలో.

అలాగని మన తప్పు ఏమీ లేదనను. మన తప్పు అడగకపోవడం. పశువుల సంతలో గేదెను కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, రెండు పూటలా పాలు పితికి చూస్తాం. లక్షన్నర కట్టేటప్పుడు రంగు కాగితం చూస్తాం.

నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. ఈ సరుకును చివరికి తినేవాడు, వాడేవాడు ఎవడు? వాడు నాకు కనపడుతున్నాడా? బ్రాయిలర్ కంపెనీలు కూడా పిల్లల్ని ఇస్తాయి, మేత ఇస్తాయి. కానీ పెంపకం కూలి కిలోల లెక్కన ఇస్తాయి, కోడి బరువు పెరగకపోతే కూలి తగ్గుతుంది. వాటి మీద మనకు వంద ఫిర్యాదులు ఉండొచ్చు. అయినా ఆదివారం ప్రతి ఊళ్లో ఆ కోడిని తినేవాళ్లు ఉన్నారు. ఈముకు బరువుతో పని లేదు, నెల గడిస్తే చాలు. నేను పెంచిన పిల్లను కొనేది ఇంకో కొత్త రైతే అయితే, అది వ్యవసాయం కాదు, చేతులు మారే అప్పు. ఆఖరున ఎవడి చేతిలో ఉంటే వాడు మునుగుతాడు.

ఇప్పటికే ఎవరైనా ఇరుక్కుని ఉంటే పరువు గురించి ఆలోచించి ఆలస్యం చేయకండి. అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకోవడాన్ని నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. అబద్ధం చెప్పి జనాన్ని అందులోకి దింపినా నేరమే. రసీదులు, బాండ్లు, బ్యాంకు కాగితాలు జాగ్రత్త చేసుకుని, నలుగురు కలిసి స్టేషనుకు వెళ్లండి. కంపెనీ ఆస్తులు ఇంకా మిగిలి ఉన్నప్పుడే ఫిర్యాదు వెళితే ఎంతో కొంత దక్కుతుంది.

మా తమ్ముడికి నేను చేరనని చెప్పలేదు. ఒకే పని చెప్పాను: "ఆ మొక్క కాయను నిరుడు కొన్న వ్యాపారి దగ్గరకు నన్ను తీసుకెళ్లు. కంపెనీ మనిషి కాదు, బయటి వ్యాపారి. ఎంతకు కొన్నాడో ఆయన నోటితో విన్నాక డబ్బు కడతా." సరే అని వెళ్లాడు. నాలుగు రోజులైంది, ఇంకా ఫోను రాలేదు. నిన్న సాయంత్రం బాబాయే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. లేచి వెళ్తూ, "నన్నప్పుడు ఈ ముక్క అడిగినవాడు లేడురా" అన్నాడు.

మీ ఊళ్లో ఎవరైనా రంగు కాగితం పట్టుకొస్తే మీరూ ఆ ముక్క అడగండి. ఈము పెట్టి దెబ్బతిన్నవాళ్లు ఉంటే సిగ్గుపడకుండా కింద రాయండి. మీ అనుభవం చదివి ఒక్క ఇల్లు నిలబడినా చాలు.