'లిటిల్' శబ్దార్థ విచారము

ఆంగ్లమందలి 'లిటిల్' అను శబ్దమునకు మన విద్యార్థులు 'చిన్న', 'కొంచెము' అని రెండర్థములు వ్రాసికొని వల్లించుచున్నారు. అంతమాత్రమున ఆ పదము తెలిసినదనుకొనుట పొరపాటు. ఆ పొరపాటు చేసినవారిలో నేనును ఒకడను.

పాఠశాలలో కౌముది చదివి, నడివయస్సున ఆంగ్లము నేర్చినవాడను. ఒకప్పుడు నా శిష్యుని సిద్ధాంతవ్యాసముపై పరీక్షకుని యభిప్రాయము ఆంగ్లమున వచ్చినది. అందు స్వతంత్రపరిశీలన 'లిటిల్' అని యుండెను. 'కొంత కలదనిరి, సంతోషింపుము' అని చెప్పితిని. వారి భావము 'లేనట్లే' యని. నా మాట నమ్మి అతడు వ్యాసమును సవరింపలేదు, గడువు దాటిపోయినది.

ముందు 'ఎ' అను ఏకాక్షరమున్నచో 'కొంత కలదు' అనియు, లేనిచో 'ఇంచుమించు లేదు' అనియు అర్థము. ఇట్టి సంబంధము మనకు క్రొత్త గాదు. నఞర్థములాఱింటిలో అభావముతోబాటు అల్పత్వమును పెద్దలు పరిగణించిరి. 'అనుదరా కన్యా' యన్నచో ఉదరము లేనిదని కాదు, కృశోదరి యని. అచట అభావవాచకము అల్పత్వమును బోధించుచున్నది. ఇచట అల్పవాచకము అభావమును బోధించుచున్నది. 'ఎ' చేరిన రూపము 'కోష్ణము'నందలి ఈషదర్థము వంటిది.

తక్కిన యర్థములకును మనయొద్ద విభాగము కలదు. పాణిని క-ప్రత్యయమును కుత్సితము (5.3.74), అనుకంప (5.3.76), అల్పము (5.3.85), హ్రస్వము (5.3.86) అను అర్థములయందు వేర్వేఱుగా విధించెను. అశ్వకము కుత్సితము, పుత్రకుడు అనుకంప్యుడు, తైలకము కొద్దిపాటి నూనె, వృక్షకము పొట్టిచెట్టు. 'లిటిల్' ఈ నాల్గింటను వర్తించును. వయోభేదమును సైతము చెప్పును; 'లిటిల్ బ్రదర్' అన్నచో తమ్ముడు. మన 'కనీయాన్' శబ్దము అల్పతరునకును, యవీయునకును చెల్లుచున్నది గదా (5.3.64). అల్పశబ్దము 'కన్' ఆదేశము పొందినట్లే, ఆంగ్లమునను 'లిటిల్'నకు తారతమ్యమున 'లెస్' అని వేఱు రూపము వచ్చుచున్నది.

తెలుగున 'చిన్నచూపు' తిరస్కారము, 'చిన్నారి' లాలన. కాని 'చిన్నన్న' తమ్ముడు కాడు, అన్నలలో చిన్నవాడు. కావున పదమునకు పదము పెట్టి అనువదించుట అన్నిచోట్ల పొసగదు.

ఓరియంటల్ కళాశాలలకు ఆంగ్లముతో పనియేమని కొందఱును, ఆంగ్లబోధనకు శాస్త్రముతో పనియేమని కొందఱును అందురు. రెండును నాకు సమ్మతములు గావు. సూత్రములు ఆంగ్లమును శాసింపవు, నిజమే. 'ఎ' వంటి ఉపపదము సంస్కృతమున లేదు. దానిని ప్రత్యేకముగా నేర్వవలసినదే. అయినను అర్థభేదమును గుర్తించు దృష్టిని శాస్త్రమే మనకిచ్చినది. నఞర్థములు ఆనాడును నాకు కంఠస్థములే. వానిని ఆ పత్రమునకు అన్వయించు అభ్యాసము లేకపోయినది. ఆ అభ్యాసమును మన తరగతులలో కల్పింపవలెను. ఒక్కొక్క యర్థమునకు ఒక్కొక్క వాక్యము చూపి, శాస్త్రమందలి సమానవిషయమును ప్రక్కన నిల్పి బోధించినచో, నా శిష్యునకు కలిగిన నష్టము మఱియొకనికి కలుగదు.