సొమ్ము 23 జిల్లాలది.. సోకు ఒక్క నగరానిదా?

నెల్లూరు జిల్లా కొడవలూరు నుంచి కువైట్ పోవాలంటే ముందు చెన్నై పోవాలి. పైచదువుకు అమెరికా పోవాలన్నా చెన్నయ్యే. కాదంటే రాత్రంతా బస్సులో కూచుని హైదరాబాద్ చేరాలి. ఆఖరికి రొయ్యకూ ఇదే గతి. విదేశాల నుంచి తెచ్చే వనామీ తల్లి రొయ్య చెన్నైలో విమానం దిగాలి, నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో ఉండాలి, ఆ తర్వాతే రోడ్డు మీద మన సముద్రతీరపు హేచరీలకు రావాలి. దేశానికి రొయ్య పిల్లను, డాలర్లను ఇచ్చే జిల్లాకు ఒక్క రన్‌వే లేదు.

ఎందుకు లేదయ్యా అంటే, ‘ప్రయాణికులు లేరు, లాభం రాదు’ అంటారు పాలకులు. విమానాశ్రయాలు నగరాల్లో వాటంతటవే మొలుస్తాయన్నట్టు! ఇది పచ్చి అబద్ధం. శంషాబాద్ చరిత్రే దీనికి సాక్ష్యం.

హైదరాబాద్‌లో విమానాల ముచ్చట నిజాం జమానాలో, 1930లలో, బేగంపేటలో మొదలైంది. దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే నడిచింది, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1956లో హైదరాబాద్ ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని అయింది. సచివాలయం అక్కడే. కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీలు, పరిశోధన సంస్థలు అక్కడే. ఆఖర్న వచ్చిన ఐటీ కూడా అక్కడే. కొలువులన్నీ ఒక్కచోట పోగేస్తే ప్రయాణికులు ఇంకెక్కడ ఉంటారు?

బేగంపేట చాలలేదు. శంషాబాద్‌లో 5,495 ఎకరాలు సిద్ధం చేశారు. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవం, మార్చి 23 నుంచి విమానాల రాకపోకలు. 4,260 మీటర్ల రన్‌వే. ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడే టెర్మినల్. 2024-25లో సుమారు 2.9 కోట్ల మంది ఆ తలుపుల గుండా నడిచారు. గొప్పే! కాదనం. ఆ గొప్పకు పెట్టుబడి ఎవరిదన్నదే మా ప్రశ్న.

జీఎంఆర్ కంపెనీకి 63 శాతం వాటా దక్కింది. మలేసియా సంస్థకు 11, కేంద్ర విమానాశ్రయాల సంస్థకు 13, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం. ప్రైవేటు మొనగాళ్లే కట్టారని పత్రికలు పొగిడాయి. కానీ రాష్ట్ర ఖజానా 107 కోట్లు గ్రాంటుగా ఇచ్చింది. మరో 315 కోట్లు వడ్డీ లేని అప్పుగా ఇచ్చింది. నెల్లూరు రైతుకు వడ్డీ లేని అప్పు అంత సులువుగా పుట్టిందా? అంతటితో ఆగలేదు. చుట్టూ 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్ల పాటు కొత్త విమానాశ్రయం రాకుండా ఒప్పందంలో రాసిచ్చారు. బేగంపేటలో పౌర విమానాలు ఆపొద్దని 2008 మార్చిలో ఉద్యోగులు సమ్మెకు దిగితే పెడచెవిన పెట్టారు. విమానాశ్రయానికి పోయే వాళ్ల కార్లు ఆగకూడదని 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే లేపి 2009లో తెరిచారు.

చూశారా మిత్రులారా! భూమి, గ్రాంటు, అప్పు, రోడ్డు, పోటీ రాకుండా కంచె. ఇన్ని కలిస్తే లాభం రాక ఏమవుతుంది? ఇదంతా 23 జిల్లాల ఖజానా చేసిన పని. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఆ 13 శాతం వాటా తెలంగాణకు పోయింది. నేల వాళ్లది, భూమి పోగొట్టుకున్నదీ అక్కడి రైతే. వాళ్ల మీద మాకు కోపం లేదు. మా కోపమంతా సర్వస్వాన్నీ ఒక్క నగరంలో పోసి, మా జిల్లాలను ఉత్త చేతులతో నిలబెట్టిన మన పాలకుల మీద.

ఇది మొదటిసారి కూడా కాదు. 1932లో టాటాల టపా విమానం మద్రాసు చేరినప్పుడు మద్రాసు మన రాజధాని. పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చాక 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు పోయింది, మీనంబాకం పోయింది. 2014లో హైదరాబాద్ పోయింది, శంషాబాద్ పోయింది. రెండుసార్లు నగరాన్ని పెంచాం, రెండుసార్లు పెట్టే బేడా సర్దుకున్నాం.

మరి మనకేమిచ్చారు? శిలాఫలకం! దగదర్తి మండలం దామవరం దగ్గర విమానాశ్రయం అన్నారు. 2019 జనవరిలో, ఎన్నికల ముంగిట, శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారింది. అయిదేళ్లు గడిచాయి. విమానం నీడ కూడా పడలేదు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, మళ్లీ దగదర్తి జపం మొదలైంది. కొడవలూరు మండలానికి ఈ కథ కొత్తది కాదు. ఎరువుల కర్మాగారం వస్తుందని ఇఫ్కో కోసం ఇక్కడ వేల ఎకరాలు తీసుకున్నారు. కర్మాగారం రాలేదు. ఆ భూమే తర్వాత కిసాన్ సెజ్ అయింది. భూమి ముందు పోతుంది, ఉద్యోగం వెనక వస్తుందంటారు. వెనక వచ్చేది ఎంత వెనకో చెప్పరు.

ఇక అమరావతి. పక్కనే గన్నవరం ఉండగా మరో అంతర్జాతీయ విమానాశ్రయం కావాలని 2025లో ప్రకటించారు. మూడోసారి అదే పాట! 1937 శ్రీబాగ్ ఒప్పందంలో నదీజలాల దగ్గర రాయలసీమతో పాటు నెల్లూరు పేరు కూడా ప్రత్యేకంగా రాశారు. రాతలు కాగితం మీదే మిగిలాయి. అందుకే ఈసారి నోటి మాట చాలదు.

మేం సూటిగా అడుగుతున్నాం. దగదర్తికి భూములిచ్చిన వాళ్లలో ఎవరికెంత పరిహారం ముట్టిందో పంచాయతీ గోడ మీద అంటించండి. సేకరించిన భూమి అయిదేళ్లు వాడకుండా పడివుంటే వెనక్కివ్వాలని 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ చెబుతోంది, దానికి జవాబు చెప్పండి. శంషాబాద్‌కు ఇచ్చినట్టు బడ్జెట్‌లో గ్రాంటు, వడ్డీ లేని అప్పు చూపించండి. ప్రభుత్వ వాటాలో జిల్లాకు భాగం, ఉద్యోగాల్లో భూమి కోల్పోయిన కుటుంబాలకు మొదటి హక్కు ఒప్పందంలోనే రాయండి.

విద్యార్థులారా, ఉద్యోగ సోదరులారా! ఈ నాలుగు ప్రశ్నలను దండోరా వేయండి. కలెక్టరాఫీసులో అర్జీలుగా ఇవ్వండి, ఓట్లకు వచ్చే నాయకుడి ముందు పెట్టండి. జవాబు ఇవ్వకుండా మరో శిలాఫలకం మోసుకొస్తే, దాన్ని దామవరం పొలిమేరలోనే ఆపుదాం.