రాగి నిధి – తలసరి పాలు

రాజపాళయపు నూలుమిల్లుల మోటారులలోని తీగ రాగియే. అచటి తెలుగు గృహిణి యటకపై దాచిన బిందెయు రాగియే. మన దేశమున త్రవ్వుటకు యోగ్యమని తేల్చిన రాగిని జనులందఱకు పంచినచో తలకు సుమారు రెండు కిలోలు మాత్రమే వచ్చును. చిలీ దేశీయునకు తొమ్మిది టన్నులకు పైగా వచ్చును.

1951లో 36 కోట్లున్న మన జనసంఖ్య 2011 నాటికి 121 కోట్లయ్యెను. నిధి తరుగకున్నను తలసరి పాలు మూడవ వంతునకు దిగువకు జాఱును. అయినను 2002లో సగటున 1,600 డాలర్లకు లోపుగానున్న టన్ను వెల 2021 మే నెలలో 10,000 డాలర్లు దాటుటచే, లెక్కలలో మన పాలి విలువ హెచ్చినట్లు తోచును. ఇది కలిమి యని భ్రమపడరాదు. కొనువానికి వెల పెరుగుట నష్టమే గదా! 2018లో తూత్తుకుడి ప్రజాందోళనమున 13 మంది పోలీసు కాల్పులకు బలియై, అచటి రాగి కర్మాగారము మూతపడిన పిదప, శుద్ధమైన రాగిని ఎగుమతి చేయుచుండిన దేశము దిగుమతి చేసికొనవలసి వచ్చెను. ప్రాణములకు వెలగట్టి లోహమును బడయుడని మేము కోరము.

మఱి యుపాయమేమి? బొగ్గు కాలిన బూడిదయగును. రాగి యట్లు గాదు, కరగించి మరల వాడవచ్చును. కాలిపోయిన మోటారు, చిల్లుపడిన బిందె, ఇవియే జనసంఖ్యతోబాటు పెరుగు గనులు. పాత రాగిని పోగుచేసి, కార్మికుల యారోగ్యమునకు హాని కలుగకుండ కరగించు నేర్పాటులను ప్రభుత్వమును, మిల్లు యజమానులును వెంటనే చేయుదురుగాక.