చూడదగ్గ చోట్లు: బ్రైటన్‌లోని ఇండియా గేటు

ఇండియా గేటు అనగానే మనకు ఢిల్లీయే గుర్తొస్తుంది. ఢిల్లీ గేటు ప్రారంభమైంది 1931లో. దానికి పదేళ్ళ ముందే ఇంగ్లండులోని బ్రైటన్‌లో మరో ఇండియా గేటు వెలిసింది. సముద్రం చూడటానికి వెళ్ళే మన కుటుంబాలు రాయల్ పెవిలియన్ దక్షిణ ద్వారం గుండా లోపలికి వెళ్తూ, అదీ ఆ రాజభవనపు అలంకారమేననుకుని ఫోటో తీసుకుని వచ్చేస్తుంటాయి.

నాలుగో జార్జి తన విలాసం కోసం కట్టించుకున్న భవనం అది. బయట మన దేశపు గుమ్మటాలు, లోపల చైనా సొగసులు. 1850లో దాన్ని ఆ ఊరివారే కొనుక్కున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, ఫ్రాన్సులో గాయపడిన భారతీయ సైనికుల కోసం 1914 డిసెంబరులో దాన్ని ఆసుపత్రి చేశారు. రాజుగారి వంటశాల ఆపరేషన్ థియేటరయింది. కులమతాల పట్టింపులకు భంగం రాకుండా తొమ్మిది వంటిళ్ళు, హిందువులకూ ముస్లిములకూ వేరువేరు మంచినీటి కుళాయిలు పెట్టారు. 1916 జనవరి దాకా నాలుగు వేలమందికి పైగా అక్కడ వైద్యం పొందారు.

ఆ సేవకు కృతజ్ఞతగా భారతదేశం ఇచ్చిన కానుకే ఈ గేటు. నాలుగు స్తంభాలు, పైన గుమ్మటం, గుజరాత్ శిల్పశైలి. 1921 అక్టోబరు 26న పాటియాలా మహారాజు భూపీందర్ సింగ్ ప్రారంభించారు. ఊరి ప్రజల వాడకానికే దీన్ని అంకితం చేసినట్టు దాని మీద చెక్కి ఉంది.

మేలు చేసినవారికి కృతజ్ఞత చెప్పడం మన సంస్కారమే. అయితే, ఎవరి యుద్ధంలో ఎవరు నెత్తురు ధారపోశారు? ఎవరు ఎవరికి దణ్ణం పెట్టాలి? వైద్యం మాత్రం శ్రద్ధగానే జరిగింది, వైద్యుడిగా ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అదే ఊళ్ళోని కిచెనర్ ఆసుపత్రిలో రోగులు ఇష్టమొచ్చినట్టు ఊళ్ళోకి పోకుండా ముళ్ళకంచె వేసి, కాపలా పెట్టారు. వాళ్ళు ఇంటికి రాసుకున్న ఉత్తరాలను సెన్సారువారు చదివేవారు. గేటు మీద ఈ సంగతులేవీ ఉండవు.

అందుకే గేటు చూసి ఊరుకోకండి. ఊరి వెలుపల, ప్యాచమ్ దగ్గర కొండమీద తెల్లని పాలరాతి ఛత్రి ఉంది. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను 53 మందిని దహనం చేసిన చోటు అది. ముస్లిములను వోకింగ్ మసీదుకు దగ్గర్లో ఖననం చేశారు. ఛత్రి కూడా 1921లోనే వెలిసింది. కానీ అక్కడ ఆ 53 మంది పేర్లూ రాతి మీదికెక్కింది 2010లో!

ఏటా జూన్‌లో ఛత్రి దగ్గర సంస్మరణ సభ జరుగుతుంది. ఈసారి పిల్లల్ని తీసుకువెళ్ళండి. ఆ పేర్లు వాళ్ళచేత పైకి చదివించండి. వారిలో మన తెలుగువారు లేకపోతేనేం, మనకంటే ముందు ఈ దేశానికి వచ్చి, తిరిగి ఇంటికి చేరుకోలేకపోయినవాళ్ళు వాళ్ళు.