సబర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా?



ఈ పోస్టు పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి గానీ పూర్తిగా చదవండి. కొందరికి కోపం రావచ్చు. రానీండి.

పంట పోయిన ఇంటికి మనోళ్లు పలకరించడానికి వస్తారు. అరుగు మీద కూర్చుంటారు, టీ తాగుతారు. లేచేటప్పుడు ఒక మాట అంటారు: "సబర్ చెయ్ భాయ్, అంతా అల్లా రాత." హిందువుల ఇంట్లో అయితే అదే మాట "తలరాత, ఏం చేస్తాం" అయితాది. చెప్పినాయన పని అయిపోయింది, ఇంటికి పోతాడు. అప్పు, ఎండిన చేను, పిల్ల కాలేజీ ఫీజు మాత్రం ఆ రైతు దగ్గరే ఉంటాయి. నా గొడవ ఈ మాటతోనే. సబర్‌తో నాకు పేచీ లేదు. సబర్ లేకపోతే ఈ నేల మీద ఒక్క ఏడు కూడా సేద్యం చేయలేం. అంత మంచి మాటను మనం చేతులు దులుపుకోవడానికి వాడుకుంటున్నాం, అది తప్పు అంటున్నా.

"నువ్వేమన్నా మౌల్వీవా చెప్పడానికి?" అని అడుగుతారు. కాదు. ఇంటర్ దాకా చదివిన రైతును. మేం దూదేకులోళ్లం, ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఖురాన్‌లో ఏముందో తెలుసుకోవాలంటే తెలుగులో చదువుకోవాల్సిందే. ఖురాన్‌ను మొదట తెలుగు చేసింది కూడా మన అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారే. ఇప్పుడు అనువాదాలు ఇంకా ఉన్నాయి. ఎవరైనా చదవొచ్చు, నేను చెప్పింది సరో కాదో చూసుకోవచ్చు.

సబర్ అనే అరబ్బీ మాటకు మూలంలో బిగబట్టి నిలపడం, ఆపుకోవడం అనే అర్థం ఉంది. గుంటక తోలేటప్పుడు ఎద్దులు బెదిరితే పగ్గం గట్టిగా పట్టుకుంటాం చూడండి, అట్లాంటిది. పగ్గం వదిలేసి గట్టు మీద కూర్చున్నోణ్ణి సేద్యగాడు అంటామా?

హాజిరా అమ్మ సంగతి తీసుకోండి. ఇబ్రాహీం ప్రవక్త భార్య. చంకలో పసిబిడ్డ ఇస్మాయీల్, చుట్టూ నీటి చుక్క లేని లోయ. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. దేవుడు మమ్మల్ని వదిలేయడు అని నమ్మిన మనిషి ఆమె. నమ్మింది కదా అని కూర్చుందా? సఫా గుట్ట ఎక్కి చూసింది. అక్కడ్నుంచి మర్వా గుట్టకు ఉరికింది. మళ్లీ వెనక్కి. ఇట్ల ఏడు సార్లు తిరిగినాక జంజం నీళ్లు వచ్చాయి. వచ్చింది కూడా ఆమె ఎక్కిన గుట్టల మీద కాదు, బిడ్డ ఉన్న చోట. ఈ రోజుకీ హజ్‌కు పోయినోళ్లు ఆ రెండు గుట్టల మధ్య ఏడు సార్లు నడుస్తారు. ఒక తల్లి నీళ్ల కోసం తిరిగిన తిరుగుడు హజ్‌లో భాగం అయింది. ఆమె చేసింది సబర్ కాదని ఎవరైనా అంటారా?

దీన్ని పట్టుకుని ఏడు బోర్లు వేయమని నేను చెప్పడం లేదు, ఆ పని చేసి మునిగినోళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఒక చోట దారి మూసుకుంటే ఇంకో చోట అడగమంటున్నా.

రెండో రకం మనుషులున్నారు. వాన రాకపోతే "మనం చేసిన పాపాలే" అంటారు. ఎవరి పాపం వాళ్లు తలుచుకుని తౌబా చేసుకోవడం మంచిదే. కానీ చేను ఎండిన రైతు ముందు నిలబడి ఆ మాట అనడమేంది? అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. అంటే దేశంలో అందరికన్నా పాపాత్ములం మనమేనా? అయ్యూబ్ ప్రవక్తకు ఆస్తి పోయింది, బిడ్డలు పోయారు, ఒళ్లు చెడింది. ఆయన ఏ పాపం చేశాడని? మనుషులకు వచ్చే పరీక్షల్లో ఆకలి, భయం, ప్రాణనష్టంతో పాటు పంట నష్టాన్ని కూడా ఖురాన్ రెండో సూరా లెక్కలో పెట్టింది. పరీక్షను శిక్ష అని తీర్పు చెప్పే పెత్తనం మనకు ఎవరూ ఇవ్వలేదు.

మూడో రకం ఇంకా ప్రమాదం. "మగోడివి, ఏడ్చేదేంది? ఈమాన్ ఉన్నోడు దిగులు పడడు" అంటారు. ఎవరు చెప్పారు ఈ మాట? యూసుఫ్ దూరమైతే తండ్రి యాకూబ్ ప్రవక్త ఏడ్చి ఏడ్చి కండ్లు తెల్లబడిపోయాయి. అందమైన సబర్ అనే మాట వచ్చేది కూడా ఆయన నోటి నుంచే. ఏడుపూ సబరూ ఒకే మనిషిలో ఉండొచ్చని దానర్థం. మనం మాత్రం ఏడవనీయం, చెప్పుకోనీయం. పరువు పోతుందని అప్పు సంగతి పెళ్లాం దగ్గర కూడా దాచిపెట్టే మొగోళ్లు ఎంతమంది లేరు? చివరికి జరగరానిది జరిగితే, ఆత్మహత్య హరామ్ అని ఆయన భార్య ముందే మాట్లాడుకుంటారు. హరామే, నేనూ ఒప్పుకుంటా. మరి ఆయన బతికుండగా నీ మీద హక్కు లేదా ఆయనకు? నాలుగు రోజులు బజారుకు రాకపోతే తలుపు తట్టి చూసినోడు ఎవడు?

చదివే వాళ్లలో అట్లాంటి ఆలోచనలో ఉన్నోళ్లు ఎవరైనా ఉంటే, ఒక్క మనిషికి చెప్పండి. అన్నకో, ఇమాం సాబ్‌కో, నాకో. అర్ధరాత్రి ఎవరూ గుర్తు రాకపోతే 14416 కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. దేవుడి దగ్గర మొరపెట్టుకున్నోడు మనిషి దగ్గర నోరు తెరిస్తే ఈమాన్ తగ్గదు.

ఇక తవక్కుల్ పేరు మీద జరిగే సోమరితనం. "దేవుడే చూసుకుంటాడు, కాగితాలు ఎందుకు?" అనే వాళ్లకు యూసుఫ్ సూరా చదవమని చెప్తా. అది అచ్చం రైతు సూరా. ఏడేళ్లు బాగా పండుతుంది, తర్వాత ఏడేళ్లు కరువు వస్తుంది అని తెలిసినప్పుడు యూసుఫ్ ప్రవక్త దువా చేసి ఊరుకోమనలేదు. పండినప్పుడు తినడానికి కావాల్సింది తీసుకుని మిగతాది వెన్నులోనే ఉంచి దాచమన్నాడు. కరువులో తినగా కొంచెం మిగుల్చుకోమన్నాడు. విత్తనాల కోసమే అని పండితులు చెప్తారు. ప్రవక్త స్థాయి మనిషి పధ్నాలుగేళ్ల లెక్క వేస్తే, మనకు ఒక సీజన్ లెక్క రాసుకోవడం బరువా?

మన కాలంలో ఒంటెను కట్టేయడం అంటే ఈ-క్రాప్‌లో పంట ఎక్కించుకోవడం. అందులో పేరు లేకుంటే పంట నష్టం రాసేటప్పుడు మన పేరు వెతికినా దొరకదు. పెట్టుబడి రాయితీకి 33 శాతం, ఆపైన నష్టం ఉండాలి, అది రాసేటప్పుడు మనం చేను దగ్గర ఉండాలి. కౌలుకు చేసేవాళ్లు 11 నెలల సాగు హక్కు కార్డు అడగండి, యజమాని భూమి ఎక్కడికీ పోదని నలుగురం కలిసి ఆయనకు చెప్దాం. ఫసల్ బీమా కట్టినోళ్లు వడగండ్లకో, చేను మునిగో పంట పోతే 72 గంటల్లోపల తెలపాలి. బీమా విషయంలో మన పండితుల్లో తేడా అభిప్రాయాలున్నాయి, మీరు నమ్మే ఆలింను అడిగి మీరే తేల్చుకోండి. ఈ-క్రాప్‌కు, నష్టం రాయించుకోవడానికి మాత్రం ఎవరి ఫత్వా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తా. సబర్ పంట పోయినోడి ఒక్కడి పనే అన్నట్టు మాట్లాడుతున్నామే, మిగిలినోళ్ల పని ఏంది?

హిజ్రీ 18లో, అంటే 639 ప్రాంతంలో, అరేబియాలో పెద్ద కరువు వచ్చింది. నేల బూడిద రంగుకు తిరిగిందని దాన్ని బూడిద ఏడు అంటారు. అప్పుడు ఖలీఫా ఉమర్. జనానికి మామూలుగా దొరికేదాకా నెయ్యి ముట్టనన్నాడు. షాం నుంచి ధాన్యం తెప్పించి పంచాడు. పశువుల జకాత్ వసూలు ఆ ఏడు ఆపాడు. ఆకలితో దొంగతనం చేసినోడికి చెయ్యి నరికే శిక్ష నిలిపేశాడు. వాన కోసం నమాజూ చేయించాడు. ప్రజలను సబర్ చేయమని తాను నెయ్యి అన్నం తినలేదు. ఈ రోజు కరువు మండలాల లిస్టు దగ్గర కూర్చునే పెద్దలకు, ఏ మతం వాళ్లైనా సరే, ఈ సంగతి వినిపించాలి.

పెద్దల సంగతి సరే, మన ఊరి సంగతి చూద్దాం. అయిదు పూటలా నమాజు చేస్తూ మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్లు మనలో లేరా? మూడు రూపాయలంటే ఏడాదికి నూటికి 36. యాభై వేలకు పద్దెనిమిది వేలు. వడ్డీ హరామ్ అని చిన్న పిల్లోడికి కూడా తెలుసు. అప్పు తీసుకున్నోడు ఇబ్బందిలో ఉంటే తేలిక అయ్యేదాకా గడువు ఇవ్వమని, వదిలేస్తే ఇంకా మంచిదని ఖురాన్ చెప్తుంది. అట్లాంటిది, కళ్లంలోనే మూటలు ఎత్తుకుపోయి సాయంత్రం అదే రైతుకు సబర్ బోధిస్తే ఎట్ల?

పంట మీద ఉషర్ ఉంది. వాన మీద పండితే పదో వంతు, ఖర్చు పెట్టి నీళ్లు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. చూడండి, రైతు పెట్టుబడిని 1,400 ఏళ్ల కిందటే లెక్కలోకి తీసుకున్నారు. ఇరవై మూటల చెనక్కాయలు వానకు పండితే రెండు మూటలు, బోరు కింద అయితే ఒకటి. మన ఊళ్లో పండినోళ్లు ఇది నిజంగా తీస్తే, ఎండినోళ్ల ఇంట్లో విత్తనాలకు కొరత ఉంటుందా? జకాత్ తీసుకునే ఎనిమిది రకాల వాళ్లలో అప్పుల్లో మునిగినోళ్లు కూడా ఉన్నారు. రంజాన్‌లో చీరలు పంచి ఫోటోలు పెడుతున్నాం. ఒక్క రైతు అప్పు తీర్చిన ఫోటో చూశారా? ఫోటో వద్దులే, అప్పు తీరిస్తే చాలు.

నమ్మకం వల్ల వాన వస్తుందని, అప్పు తీరుతుందని నేను చెప్పను. నాకు తెలిసింది ఇంతే. ఎంత చెడ్డ రోజునైనా నమాజు అయిదు ముక్కలు చేస్తుంది. జుహర్ దాకా ఓర్చుకో, తర్వాత అసర్ దాకా. మనిషి మంచం మీద పడిపోకుండా లేపి, ముఖం కడిగించి, నలుగురి పక్కన భుజం ఆనించి నిలబెడుతుంది. ప్రళయం వస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. ఫలితం చూస్తావో లేదో, నీ పని మాత్రం చెయ్ అని నేను అర్థం చేసుకున్నా. మీరు వాన కోసం విరాటపర్వం చదివిస్తారు, మేం ఈద్గాలో వాన నమాజు చేస్తాం. మర్నాడు ఇద్దరం గొర్రు సరి చేసుకుంటాం.

కాబట్టి ఈసారి పంట పోయిన ఇంటికి పోయేటప్పుడు సబర్ అనే మాట చివర చెప్పండి. ముందు మూడు అడగండి. ఈ-క్రాప్‌లో ఎక్కిందా? అప్పు ఎవరి దగ్గర, ఎంత, గడువు అడగడానికి నేను తోడు రానా? విత్తనానికి ఏం చేస్తున్నావు? అడిగే ధైర్యం లేకపోతే పోకండి, ఆ టీ కూడా వాళ్లకే మిగులుతుంది.

శుక్రవారం నమాజు అయినాక మా మసీదు అరుగు మీద మేం కొందరం కూర్చుంటాం. పాస్‌బుక్కు, ఆధార్, అప్పు కాగితాలు ఏవి ఉంటే అవి తెచ్చుకోండి. రాయడం రానోళ్లకు అర్జీ రాసిపెడతాం. అన్ని కులాలోళ్లూ, మతాలోళ్లూ రావచ్చు.