ఎక్స్‌రే చూశారు సరే, నడక చూశారా?

పుంగనూరు సమీపంలోని ఒక పల్లె నుండి, డెబ్బై దాటిన రైతును ఆయన కుమారుడు మదనపల్లెలో మా ఇంటికి తీసుకువచ్చాడు. చేతిలో మోకాలి ఎక్స్‌రే. మూడు నెలలుగా మోకాలికి ‘కరెంటు పెట్టించుకుంటున్నారు’. నొప్పి కొంత తగ్గింది గాని, నడక నానాటికీ మందగిస్తోంది. ‘వయసైపోయింది’ అన్నారట.

ఎక్స్‌రే పక్కన పెట్టి, వీధి గుమ్మం వరకు నడిచి రమ్మన్నాను. అడుగులు పొట్టిగా పడుతున్నాయి. చేతులు ఊగడం లేదు. వెనుదిరగడానికి ఆరేడు చిన్న అడుగులు పట్టాయి. మోకాలు అరిగినంత మాత్రాన చేతుల ఊపు ఆగిపోదు గదా! మందుల సంచి విప్పించాను. ‘గ్యాసు’ కోసం రెండేళ్లుగా మింగుతున్న గొట్టంలో లెవోసల్పిరైడ్ ఉంది. మెదడులో డోపమైన్ పనికి అడ్డుపడి, వృద్ధులలో పార్కిన్సన్ వ్యాధిని పోలిన లక్షణాలను కలిగించగల మందు అది. కళ్లు తిరుగుతున్నాయంటే ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ కూడా ఆ కోవలోనివే. మందు మాన్పించిన కొన్ని నెలలకు ఆయన నడక చాలావరకు కుదుటపడింది. అందరికీ ఇలా జరగదు. కొందరిలో అంతవరకు దాగి ఉన్న అసలు వ్యాధే బయటపడుతుంది.

ఫిజియోథెరపీని మనం యంత్రాల గదిగా మార్చివేశామన్నది నా అభియోగం. తప్పు వారిది మాత్రమే కాదు. ‘మోకాలి నొప్పి, పది రోజులు’ అని చీటీ వ్రాసి పంపే వైద్యులదీ. అటువంటి చీటీలు నేనూ వ్రాశాను.

కుర్చీలో నుండి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడం అనే పరీక్ష 1991లో వెలువడింది. గడియారం ఉంటే చాలు. 12 సెకన్లు, అంతకు మించి పడితే, పడిపోయే ముప్పు ఉన్నట్టు భావిస్తారు. అయితే ఆ అంకె కారణం చెప్పదు. కదలిక ఎక్కడ తెగుతున్నదో కంటితో చూడాలి. లేవడమే కష్టమైతే తొడ కండరాల బలహీనతను అనుమానించాలి. ముఖం కడుక్కుంటూ కళ్లు మూసినప్పుడు తూలితే పాదాల స్పర్శను పరీక్షించాలి. మధుమేహం, బి12 లోపం అక్కడ దొరుకుతాయి. పాదాలు నేలకు అతుక్కున్నట్టుండి, మూత్రం ఆగక, మతిమరుపు కూడా తోడైతే మెదడులో నీరు చేరిందేమో స్కానింగులో చూడాలి. కొందరికి శస్త్రచికిత్సతో మేలు కలుగుతుంది. కాళ్లు బిగుసుకుని, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే, మెడలో వెన్నుపాము నొక్కుకుపోతున్నదేమోనని తొందరపడాలి. అక్కడ ఆలస్యం పనికిరాదు.

కుప్పం వారికి ఇటు బెంగళూరు, అటు వేలూరు అందుబాటులోనే ఉన్నాయి. ఫైళ్లు లావుగానే ఉంటాయి. ‘నడుస్తుంటే మీకు తెలియకుండానే చెప్పు జారిపోతున్నదా?’ అని అడిగినవారు మాత్రం అరుదు. అలాగే, నేల మీద కూర్చుని సంగటి తినే మన పెద్దలకు కుర్చీ పరీక్ష ఒక్కటే చాలదు. చాప మీద నుండి ఎలా లేస్తున్నారో కూడా చూడాలి.

ఈసారి మీ అమ్మానాన్నలను తీసుకువెళ్లేటప్పుడు మందులన్నీ వెంట తీసుకువెళ్లండి. ఏ బిళ్లనూ మీకు మీరుగా మాన్పించవద్దు. నడిపించి చూడమని అడగండి. అక్కడ చోటు లేదంటే, ఇంట్లో నడుస్తుండగా ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి చూపించండి. వెనుదిరిగే ఘట్టం అందులో తప్పక ఉండాలి.