ప్రాస ముందే కుదరాలి



సర్వరులో ఆపరేటింగ్ సిస్టమును స్థాపించబోయేవారు ముందుగా బయాస్‌ను సాంతం చదవాలన్నది నా అభిప్రాయం. చేతులు కాల్చుకున్న పిదప అంటున్న మాట ఇది.

నా వద్దనున్న పాత పుస్తకాల స్కాను ప్రతులను భద్రపరచుకొనే నిమిత్తం 4 టెరాబైట్ల డిస్కుతో ఒక చిన్న సర్వరు కొన్నాను. బూట్ పద్ధతి ‘లెగసీ’ అని ఉన్నది, నేను గమనించలేదు. విండోస్ స్థాపించి, వారం దినాలు పుస్తకాలు ఎక్కించిన తరువాత గాని, డిస్కులో దాదాపు సగం పనికిరాకుండా ఉన్నదని తెలియలేదు. ఆ పద్ధతిలో విండోస్ ఎంబీఆర్ పట్టికను ఆశ్రయిస్తుంది. 512 బైట్ల గడులను 32 బిట్ల సంఖ్యతో లెక్కించే ఆ పట్టికకు 2 టెరాబైట్లకు ఆవల లోకమే లేదు! యూఈఎఫ్ఐ, జీపీటీ ఎంచుకొని ఉంటే ఈ చిక్కు రాకపోను. మార్చే ఉపకరణాలున్నా ధైర్యం చాలక మొదటినుండి మొదలుపెట్టాను.

పద్యంలో మొదటి పాదపు రెండవ అక్షరం పడగానే తక్కిన పాదాలు ఆ ప్రాసకు కట్టుబడతాయి. బూట్ పద్ధతీ అంతే. డిస్కులకు ఏహెచ్‌సీఐయా, రెయిడా అన్నదీ అంతే. తరువాత మారిస్తే విండోస్ లేవకనే పోవచ్చు. గడియారం, బూట్ వరుస, కరెంటు వచ్చినప్పుడు తానే లేచే ఏర్పాటు విరామచిహ్నాల వంటివి, ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

ఏది ప్రాసయో, ఏది విరామచిహ్నమో తెలిసికొనుటకు అరగంట చాలు. ఎంచుకున్నవన్నీ కాగితంపై వ్రాసి పెట్టుకోండి. బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ నీరసించి అమరికలు చెరిగిన నాడు ఆ కాగితమే దిక్కు.